పెట్టిన చేతిని

జనవరి 9

అన్నయ్యకు,

ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. నీ దగ్గు సంగతి రాయవేం? పగలంతా బాయిలర్ షెడ్డులో వెల్డింగ్ పొగ మింగి, సాయంత్రం వీధి మలుపులో నిలబడి వాక్యం చెబుతూ గొంతు చించుకుంటే దగ్గు నిన్ను వదిలి ఎక్కడికి పోతుంది. మఫ్లర్ అల్లి పంపాను. అందిందో లేదో ఒక ముక్క రాయి.

ఈ ఉత్తరం మాత్రం దగ్గు గురించి కాదు, మన పిచ్చుక గురించి. పిల్లకి రెండేళ్లు నిండాయి. మా వీధి చివర పసిపిల్లల్ని చూసుకునే బడి ఒకటుంటే వెళ్లి చూసి వచ్చాను. ఒక్క ఆయా అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి టీవీ పెట్టింది. పిల్లలు టీవీ వంక చూస్తున్నారు, ఆయా ఫోను వంక చూస్తోంది, ఒకరి మొహం ఒకరు ఎవరూ చూసుకోవడం లేదు. అక్కడ వదలడానికి నాకు మనసొప్పలేదు. మీ బావ పొద్దున్నే బస్సు స్టీరింగు పట్టుకుంటే మళ్లీ వీధి లైట్లు వెలిగాకే వదిలేది. నేనెలాగూ ఇంట్లోనే మిషను ముందు కూర్చుని గోడౌన్ వాళ్లకి కాలర్లు కుట్టే మనిషిని. అందుకని బడి వయసు వచ్చేదాకా దీనికి నేనే నేర్పుకుందామని నిశ్చయించుకున్నాను.

నిశ్చయమైతే చేసుకున్నాను గానీ ఎక్కడ పట్టుకుని మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాకు చదువు చెప్పింది నువ్వు. అమ్మా నాన్నా పోయాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నువ్వు సగం చెబితే నేను సగం అందుకునేదాన్ని, అంతవరకే గుర్తు. దీనికి ఇంకా మాటలు పెద్దగా రాలేదు. అమ్మ, నాన్న, కాకి. మమ్మల్నైనా పిలవడం మరిచిపోతుందేమో గానీ, కిటికీ మీద వాలే కాకిని మాత్రం రోజూ చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తుంది.

ఎలా మొదలుపెట్టమంటావో వివరంగా రాయి.

నీ చెల్లెలు


జనవరి 21

చెల్లెమ్మకు, ప్రభువు ఇంకా ఆపని ఊపిరితో అన్నయ్య రాస్తున్నది.

మఫ్లర్ అందింది. చుట్టుకుని షెడ్డుకి వెళ్తే, బోధకుడిలా లేవయ్యా, పంటినొప్పి వాడిలా ఉన్నావని మేస్త్రి నవ్వాడు. నవ్వనీ. దగ్గు తగ్గింది.

నీ ఉత్తరం భోజనాల గంటలో చదివి వెల్డింగ్ ముసుగు వేసుకున్నాను. ముసుగు లోపల కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి దూరదని ఇన్నేళ్లకి తెలిసింది. చెల్లెమ్మా, నువ్వు అడిగింది చిన్న విషయం కాదు. రెండేళ్ల బిడ్డ మనసు కరిగిన ఇనుము. చల్లారేలోగా ఏ అచ్చులో పోస్తే ఆ ఆకారం. లోకం తన అచ్చు చేతపట్టుకుని గుమ్మంలోనే కాచుకుని ఉంది. నువ్వు చూసి వచ్చిన టీవీ అలాంటి అచ్చే. పాలు మాన్పించిన బిడ్డని మందిరం దాకా నడిపించి అక్కడ అప్పజెప్పి వచ్చిన తల్లి కథ నీకు నేనే చెప్పాను. నీకు అంత దూరం నడిచే పని లేదు. మందిరాన్నే మిషను పక్కకి తెచ్చుకో.

నన్ను చూడు. ఇరవై ఏళ్లు వచ్చినా నా పేరు నాకు చదవడం రాదు. బడి నన్ను గేటు దగ్గరే ఆపేసింది. చర్చి సంఘంలో చివరి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. పెద్దాయన సగం చదివితే జనం మిగతా సగం అందుకునేవారు. ఆ రెండో సగాన్ని నోటితో అంటూ, పుస్తకంలో వేలితో వెంటాడి, ఒక్కో అక్షరాన్నీ మెడ పట్టుకుని లాక్కొచ్చాను. నీకూ అలాగే నేర్పాను. దీనికీ అదే దారి.

పద్ధతి చెబుతాను, విను. నువ్వు సగం చెప్పు, అది సగం అందుకోవాలి. మొదట్లో రెండు సగాలూ నువ్వే చెప్పి వినిపించు. తర్వాత నీ సగం చెప్పి ఆగిపో. అది అందుకునేదాకా గిన్నె కిందికి దించకు, చెప్పు తొడగకు, తలుపు తియ్యకు. కఠినంగా ఉందని జాలిపడకు. అరణ్యంలో నడిచిన జనం కూడా ఏ రోజు రొట్టె ఆ రోజు వంగి ఏరుకున్నారే గానీ ఎవరూ నోట్లో పెట్టలేదు.

దాని నోటికి సరిపడేలా కొన్ని నేనే కట్టాను. లేఖనంలో వెతక్కు, దొరకవు. ఆ ఎముకల మీద నేను పెట్టిన మాంసం ఇది.

లేవగానే: వెలుగునిచ్చిన వాడికి / వందనాలు వందనాలు.
బయటికి వెళ్లేటప్పుడు: నా అడుగు జారకుండా / నువ్వే పట్టుకో.
అన్నం ముందు: పెట్టిన చేతిని / దీవించు ప్రభువా.

ఈ మూడూ పట్టుబడ్డాక రాయి, ఇంకా పంపుతాను. పిచ్చుకకి మామయ్య ముద్దులు.

అన్నయ్య


మార్చి 3

అన్నయ్యకు,

నీ మాట నిజమైంది. మొదట్లో నా మొహం వంక వింతగా చూసేది. గిన్నె చేతిలోనే పట్టుకుని ఆగితే ఏడ్చేది. నేనూ దానితో పాటు ఏడ్చాను, నీకు రాయలేదు. తర్వాత ఒక పూట ఉన్నట్టుండి "దీవించు పభువా" అంది. ఇప్పుడు మూడూ వచ్చాయి. ఇంట్లో ఏ మూల ఉన్నా నేను సగం అంటే చాలు, మిగతా సగం పరిగెత్తుకుంటూ వస్తుంది.

మొన్న కరెంటు పోయింది. తిరిగి రాగానే మీ బావ నవ్వులాటకి లైటు వంక చెయ్యి చూపించి "వెలుగునిచ్చిన వాడికి" అన్నారు. బల్ల కింద నుంచి "వందనాలు వందనాలు" అని వినిపించింది. "కరెంటాఫీసు వాళ్లకి ఇంత మర్యాద ఎవరూ చేసి ఉండరు" అని ఒకటే నవ్వు.

ఇవి కాక నా గుండీల డబ్బా దానికి మహా ఇష్టం. నేను కుడుతుంటే పక్కన కూర్చుని తెల్లవి ఒక గిన్నెలో, నల్లవి ఒక గిన్నెలో వేస్తుంది. పెద్దవి అడుగున, చిన్నవి పైన. ఎవరూ చెప్పలేదు. నోట్లో పెట్టుకుంటుందేమోనని ఒక కన్ను అటే వేసి ఉంచుతున్నాను. దీన్నీ చదువే అనొచ్చా?

నీ చెల్లెలు


మార్చి 16

చెల్లెమ్మకు, సంతోషం పట్టలేని అన్నయ్య రాస్తున్నది.

నీ ఉత్తరాన్ని సంఘంలో చదివాను. కోప్పడకు, ఆపుకోలేకపోయాను. పసిపిల్లల నోటితోనే ఆయన తన కోట కట్టుకుంటాడని ఎన్నిసార్లు బోధించానో. మన ఇంట్లోనే ఇటుక పడుతుందని అనుకోలేదు. "దీవించు పభువా" అని దాని గొంతుతో అనేసరికి ముందు వరసలోని ఆడవాళ్లు కొంగులు కళ్లకి ఒత్తుకున్నారు. ఆ బిడ్డని ఎప్పుడు చూపిస్తావని వీధిలో ఆపి మరీ అడుగుతున్నారు.

ఆగస్టులో మా ఆరుబయట ప్రార్థన కూటాలు ఉన్నాయి. తీసుకురా. బల్ల మీద నిలబెడతాను. నేను సగం చెబుతాను, అది సగం అందుకుంటుంది. చదువుకున్న నోళ్లన్నీ మూతపడాలి. ఇంకొన్ని కట్టి ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను, ఈసారి కాస్త పొడుగువి.

గుండీలు ఆట. ఆటని ఆటలాగే ఉంచు, దాన్ని చదువు పీట మీద కూర్చోబెట్టకు.

అన్నయ్య


మే 6

అన్నయ్యకు,

ఆలస్యమైంది, ఏమనుకోకు. రాద్దామని కూర్చుని రెండుసార్లు లేచిపోయాను.

నువ్వు పంపిన పొడుగువి కూడా వచ్చేశాయి. అన్నీ అందుకుంటుంది, ఒక్క అక్షరం పొల్లు పోదు. కానీ అన్నయ్యా, దానికి మాటలు రావడం లేదు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. దాహమేస్తే నీళ్ల క్యాను పక్కకి వెళ్లి నిలబడుతుంది. నిలబడి నా వంక చూస్తుంది. నేను ఏదో ఒకటి మొదలుపెట్టేదాకా అలా చూస్తూనే ఉంటుంది. కుట్టు మీద పడి చూసుకోకపోతే నిలబడే ఉంటుంది, ఏడవదు కూడా. బొమ్మ మంచం కిందికి పోయినా అంతే. కాలికి ముల్లు గుచ్చుకున్నా అంతే. ఈమధ్య కాకి వస్తే ఊరికే చూస్తోంది. పిలవడం మానేసింది.

మీ బావ నాకంటే ముందే కనిపెట్టారు. "మీ అన్నయ్య లౌడ్‌స్పీకరు. దానికి చెవులుండవు. దీన్ని కూడా అలాగే బిగిస్తున్నారు మీరిద్దరూ" అన్నారు. నవ్వుతూనే అన్నారులే, మనసులో పెట్టుకోకు.

టీకా వేయించడానికి వెళ్లినప్పుడు నర్సుకి చెప్పాను. ఆవిడ దీన్ని కాసేపు చూసింది. చెవులు బాగున్నాయి, బుర్ర బాగుంది అంది. "ఇంట్లో నేర్పడం మంచిదేనమ్మా. కాకపోతే మీరు నేర్పుతున్నవన్నీ జవాబులే. అడగడం ఎవరు నేర్పుతారు? కొన్నాళ్లు మీరు ఏదీ మొదలుపెట్టకండి. దానికి కావలసింది కనబడేలా పెట్టి, పక్కన కూర్చుని, ఆగండి" అంది.

ఆగడం ఎంత కష్టమో నీకెలా రాయను. దాని మొహం చూస్తూ నోరు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కావడం లేదు. నువ్వేమంటావు?

నీ చెల్లెలు


మే 18

సోదరికి,

నీ ఉత్తరం అందింది.

మాటలు రావడం లేదని రాస్తావు, అదే ఉత్తరంలో ఒక్క అక్షరం పొల్లు పోకుండా అన్నీ చెబుతోందని రాస్తావు. ఏది నమ్మను? నిండని పాత్ర పొంగడం లేదని ఏడిస్తే ఎలా? ఇంకా పొయ్యి. అంచు దాకా పొయ్యి. దానంతట అదే పొంగుతుంది. ఇంకో ఆరు కట్టి పంపుతున్నాను, పడుకునే ముందువి.

నర్సు సంగతి. నర్సుకి చాపాల్సింది చెయ్యి, చెవి కాదు. ఆవిడ సూది ఆవిడకుంది. మన దగ్గరున్నది రెండంచుల కత్తి, దాన్ని ఒరలో పెట్టమని చెప్పడానికి ఆవిడెవరు? నత్తి నోటి వాణ్ణి పిలిచి ఒక జాతినంతా అతని వెంట నడిపించినవాడు మన దేవుడు. ఆయన ఎవరి సర్టిఫికెట్టూ అడగలేదు.

బావగారికి నా మాటగా చెప్పు. లౌడ్‌స్పీకర్‌కి చెవులు లేకపోతే పోనీ, ఆయన నడిపే బస్సుకి బ్రేకులుంటాయి కదా, నాలుకకి కూడా ఉంటే బాగుంటుంది.

ఒక్కటి సూటిగా అడుగుతున్నాను. నీ ఇంట్లో వాక్యం వినబడితే నీకు సిగ్గుగా ఉందా? ఉంటే ఉందని రాయి. నర్సు పేరూ, బావ పేరూ అడ్డం పెట్టకు. ఆగస్టు కూటాలకి మాత్రం బిడ్డని తీసుకురావాలి. అందరికీ చెప్పేశాను.

అన్నయ్య


జూలై 2

చెల్లెమ్మా,

జవాబు లేదు. జూన్ మొదట్లో రాసినదానికీ లేదు. కోపమొస్తే కోపమని రాయొచ్చు. మన మధ్య ఉత్తరం ఆగిపోవడం ఇదే మొదలు.

దగ్గు మళ్లీ వచ్చింది. మఫ్లర్ ఉతికితే కుంచించుకుపోయింది, ఇప్పుడు అది పిచ్చుకకే సరిపోతుంది.

రాయి.

అన్నయ్య


జూలై 11

అన్నయ్యకు,

నీ ఉత్తరాలన్నీ అందాయి. మొదట్లో కోపంతోనే రాయలేదు. సిగ్గా అని అడిగావే, ఆ మాట గుచ్చుకుంది. నువ్వు నేర్పిన వాక్యం తప్ప నా దగ్గర వేరే ఏముంది సిగ్గుపడడానికైనా? ఆ కోపం ఇప్పుడు లేదు. పోయిన శనివారం జరిగింది చెబుతాను.

కుట్టిన కాలర్లు గోడౌన్‌లో ఇవ్వడానికి దీన్ని తీసుకునే వెళ్తాను, నీకు తెలుసు. అన్నం డబ్బా కూడా పట్టుకెళ్తాను, పని తేలేసరికి మధ్యాహ్నం అవుతుందని. ఆ రోజు లారీ వచ్చింది. బేళ్లు, అదే పెద్ద పెద్ద గుడ్డ మూటలు, దించి వరసగా పేరుస్తున్నారు. నేను కౌంటరు దగ్గర కాలర్లు లెక్క చూపిస్తున్నాను. ఇది నా చీర కుచ్చిళ్లు పట్టుకునే ఉంది. తిరిగి చూస్తే లేదు.

పిలిచాను. నాతో పాటు అందరూ పిలిచారు. పిచ్చుకా, పిచ్చుకా అని ఆ రేకుల కప్పు అదిరేలా పిలిచారు. జవాబు లేదు. గోడౌన్ మేస్త్రి, "ఇక్కడ లేదమ్మా, ఉంటే పలకదా, కనీసం ఏడవదా? రోడ్డు మీద చూడు" అన్నాడు. నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. అటూ ఇటూ లారీలు. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. మళ్లీ లోపలికి వచ్చేసరికి వాళ్లు ఆగిపోయిన పని మొదలుపెట్టారు. గోడ వైపు వరస పూర్తయింది. దాని ముందు రెండో వరస పేర్చడానికి బేళ్లు దొర్లిస్తున్నారు.

కౌంటరు పక్కన కూలబడ్డాను. ఎదురుగా అన్నం డబ్బా కనబడింది. అది తినే వేళ దాటిపోయిందని ఒక్కటే తోచింది. పిలుద్దామని కాదు అన్నయ్యా, ప్రార్థన చేద్దామనీ కాదు, ఆ డబ్బా చూసి అలవాటుగా నోటికొచ్చింది. "పెట్టిన చేతిని" అన్నాను.

గోడకీ మొదటి వరసకీ మధ్య సందులోంచి "దీవించు పభువా" అని వినబడింది.

బేళ్లు లాగేశారు. గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒళ్లంతా గుడ్డ నూగు. కంట్లో చుక్క లేదు. నా చేతి వంక చూసింది, అన్నం ఏదని.

అది అన్నీ విన్నది. మేం పిలిచిన ప్రతి పిలుపూ విన్నది. ఆ పిలుపుల్లో ఏదీ సగం కాదు కదా, అందుకని అందుకోలేదు. "అమ్మా" అని అరవాలని దానికి తెలియదు. ఒకప్పుడు కాకిని పిలిచిన పిల్ల.

నీ వాక్యమే దాన్ని బయటికి లాగింది. నీ వాక్యమే దాన్ని లోపల కూర్చోబెట్టింది. ఈ రెండింటిలో నీకు ఏది ముందు రాయాలో తెలియక ఇన్ని రోజులు పట్టింది.

నీ చెల్లెలు


జూలై 17

చెల్లెమ్మా,

ఉత్తరం చదివి షెడ్డులోనే మోకాళ్ల మీద పడ్డాను. మేస్త్రి దగ్గరికొచ్చి ఒంట్లో బాగాలేదా అన్నాడు. నా బిడ్డ బతికిందయ్యా అన్నాను.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే వీధి మలుపులో నిలబడి సాక్ష్యం చెప్పాను. గుంపులోంచి తప్పిపోయిన ఒక్కదాని కోసం మిగతా మందనంతా వదిలి వెళ్లిన కాపరి నీ గోడౌన్‌కి వచ్చాడని చెప్పాను. అంతమంది మనుషులు అరిచారు, పలకలేదు, తల్లి వాక్యం ఎత్తగానే పలికింది అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాది కాదు. దారిన పోయేవాళ్లు సైకిళ్లు దిగి నిలబడ్డారు. ఒక తాగుబోతు సీసా కాలువలో పారేశాడు.

చూశావా? నువ్వు అనుమానించావు, ఆయన అనుమానించలేదు. ఆగస్టులో బల్ల మీద దాన్ని నిలబెట్టి ఈ కథంతా చెబుతాను. మామయ్య ఎదురుచూస్తున్నాడని చెప్పు.

అన్నయ్య


జూలై 24

అన్నయ్యా,

నువ్వు ఆ వీధి మలుపులో సగమే చెప్పావు. పలికిన సగం చెప్పావు. పలకని సగం నాకే వదిలేశావు.

మిగతా సగం అందుకోవడం నాకు నువ్వే నేర్పావు గనక చెబుతున్నాను. అంతమంది అరిచినా పలకలేదని ఎంతో గొప్పగా చెప్పావు. అది వాళ్ల గొంతుల తప్పు కాదు. బేళ్లు ఇంకొక వరస పేర్చి ఉంటే నేను అక్కడ కూర్చుని ఎన్ని వాక్యాలు ఎత్తినా దాని గొంతు బయటికి వచ్చేది కాదు.

దాన్ని బల్ల మీద నిలబెట్టను. ఆగస్టుకి రావడం లేదు.

చెల్లెలు


ఆగస్టు 10

చెల్లెమ్మకు,

కూటాలు అయ్యాయి. బిడ్డ రాలేదేమని అందరూ అడిగారు. ఒంట్లో బాగాలేదని చెబుదామని వేదిక మెట్లెక్కాను. ఎక్కాక అది నోట రాలేదు.

మందిరం లోపల ధూపం వేస్తూ, నీకు బిడ్డ పుడతాడన్న దేవదూత మాటకి అడ్డం మాట్లాడిన ముసలి యాజకుడు నీకు గుర్తున్నాడా? బయటికొచ్చేసరికి ఆయనకి మాట లేదు. జనం ఎదురుచూస్తుంటే చేతులతో సైగలు చేశాడు. దాన్ని శిక్ష అని ఇన్నేళ్లుగా బోధిస్తూ వచ్చాను. మొన్న మైకు ముందు నిలబడినప్పుడు అది శిక్షలా అనిపించలేదు. ఇంట్లో ఒక బిడ్డ మొదటిసారి పిలవాల్సి ఉన్నప్పుడు, ఆ ఇంటి మగవాణ్ణి కొన్నాళ్లు నోరు మూసుకోమన్నాడేమో అనిపించింది.

నేను ఎక్కువ చెప్పలేదు. నువ్వు రాసినదే చెప్పాను. అంత అరిచినా ఎందుకు పలకలేదో కూడా చెప్పాను. చెప్పేసరికి నేను ఎప్పట్లాగే సగం ఎత్తుతానని, అందుకోవడానికి జనం సిద్ధంగా నోళ్లు తెరిచి ఉన్నారు. ఎత్తలేదు. వాళ్లు అలాగే ఉన్నారు. అంతమంది నోళ్లు అలా తెరుచుకుని నా వంక చూస్తుంటే, చెల్లెమ్మా, నీళ్ల క్యాను పక్కన నిలబడిన పిల్ల కనబడింది. దిగిపోయాను. సంఘం పెద్దకి కోపమొచ్చింది. రానీ.

వారం సెలవు పెట్టాను. రావచ్చా? బోధించడానికి కాదు. బావగారికి లౌడ్‌స్పీకరు తీసుకురావడం లేదని చెప్పు.

అన్నయ్య


ఆగస్టు 31

చెల్లెమ్మకు,

క్షేమంగా చేరాను. బావగారు బస్సు ఆపి మరీ ఎక్కించి, టిక్కెట్టు కొననివ్వలేదు. దిగేటప్పుడు, "మీరు రెండు స్టాపుల దాకా ఏమీ మాట్లాడలేదు, భయమేసింది" అన్నారు.

నీ ఎదురుగా చెప్పలేకపోయింది ఉత్తరంలో చెబుతున్నాను. నువ్వు మిషను మీద ఉన్నప్పుడు నర్సు చెప్పినట్టే చేద్దామని నేను క్యాను పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. గ్లాసు నా చేతిలో ఉంది. పిచ్చుక వచ్చి నిలబడింది. నా వంక చూసింది. నేనూ చూశాను. మూడు గంటలు ఆపకుండా మాట్లాడి మంచినీళ్లు కూడా ముట్టని మనిషినని నాకు పేరు. ఒక పసిదానికి దాహం వేసినంతసేపు నోరు మూసుకోలేకపోయాను. దాని పెదవి కొంచెం కదిలింది, ఏదో రాబోయింది. అది రాకముందే నేనే "పెట్టిన చేతిని" అనేశాను. అది గబగబా అందుకుంది. నీళ్లు తాగింది. వెళ్లిపోయింది.

రాబోయింది ఏమిటో నాకు ఎప్పటికీ తెలియదు.

ఉన్నన్నాళ్లూ అంతే అయింది. నేను ఆగలేను. ఆగితే దగ్గు వస్తుంది, దగ్గితే నువ్వు లేచి నీళ్లు తెస్తావు, అది మనిద్దర్నీ చూస్తూ ఉంటుంది. వెళ్లేటప్పుడు చెయ్యి ఊపాను. అది ఊపలేదు.

సంఘంలో ఇప్పుడు ఇంకొకతను సగం ఎత్తుతున్నాడు. నేను చివరి బెంచీ మీద కూర్చుని అందుకుంటున్నాను. కాకి ఇంకా వస్తోందా? అది పిలుస్తోందా?

గుండీలు ఒక గుప్పెడు పంపుతున్నాను. షెడ్డు పక్కన పాత బట్టల వాడి దగ్గర ఏరాను. ఇత్తడివి, నోట పట్టనంత పెద్దవి. వాటిని ఏ గిన్నెలో వేస్తుందో రాయి.

అన్నయ్య


సెప్టెంబర్ 21

అన్నయ్యకు,

ఇత్తడి గుండీల కోసం వేరే గిన్నె అడగలేదు గానీ తెచ్చుకుంది. నా టీ కప్పు. ఇప్పుడు నేను గ్లాసులో తాగుతున్నాను. కాకి వస్తోంది. ఇంకా పిలవలేదు.

నువ్వు వెళ్లాక ఆ ముక్కాలి పీట క్యాను పక్కనే ఉండిపోయింది. తీద్దామంటే మీ బావ, ఉండనీ, ఆయన మళ్లీ వస్తారుగా అన్నారు.

నిన్న మధ్యాహ్నం కాలర్లకి ఇస్త్రీ చేస్తున్నాను. పిచ్చుక క్యాను దగ్గర నిలబడి ఉంది. నేను చూసి, ఆగాను. ఇప్పుడు నాకు కొంచెం చేతనవుతోంది, ఇస్త్రీ పెట్టె వంక చూస్తూ కూర్చుంటాను. అది నా వంక చూడలేదు. పీట వంక చూసింది. తర్వాత తనే గ్లాసు తీసుకుంది. క్యాను కుళాయి తిప్పింది. సగం గ్లాసులో పడ్డాయి, సగం నేల మీద. తిప్పిన కుళాయి కట్టేయడం తెలియక చాలాసేపు తంటాలు పడింది, నేను కదల్లేదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, ఒలకబోసుకుంటూ వెళ్లి, నువ్వు కూర్చున్న పీట మీద పెట్టింది.

పెట్టి, నువ్వు దగ్గినట్టు రెండుసార్లు దగ్గింది. "మామయ్య. నీళ్లు" అంది.

ఎవరూ ఎత్తలేదు అన్నయ్యా. నేను నోరు విప్పలేదు. ఆ రెండు మాటలూ దానివి.

ఇస్త్రీ పెట్టె కింద కాలరు మాడిపోయింది, వాసన వస్తున్నా లేవలేకపోయాను. ఎందుకంటే అది అక్కడితో ఆగలేదు. పీట ముందు చేతులు దగ్గర పెట్టుకుని నిలబడి, ఎప్పుడూ నేను చెప్పే సగం తను చెప్పింది. "పెట్టిన చేతిని" అంది.

చెప్పి ఎదురుచూసింది. నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది నా వైపు తిరగలేదు. పీట వంకే చూస్తోంది. ఆ సగం నాది కాదని తెలిసి ఊరుకున్నాను.

గ్లాసు ఇంకా అక్కడే ఉంది. తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నీ చెల్లెలు


సెప్టెంబర్ 28

పిచ్చుకమ్మకు,

దీవించు ప్రభువా.

మామయ్య